ఈ మైదాన మెవరిది?

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరగా, ఏమి వ్రాయుదుమా యని కొన్ని దినములు ఆలోచించితిమి. సత్ప్రవర్తనమును గూర్చియు, కాలనియమమును గూర్చియు ఈ పుటలలో మేము మునుపే వ్రాసియుంటిమి. వానిని చదివిన బాలురు మరునాడు యథాప్రకారము ఆలస్యముగనే బడికి వచ్చిరి. కావున ఈ సంవత్సరము ఉపదేశమును కొంత తగ్గించి, మేము చూచిన సంగతి యొకటి చెప్పెదము. చూచినది యనుటకంటె గోడ వెలుపల నిలిచి వినినది యనుట సత్యము.

2025వ సంవత్సరపు వేసవి సెలవులలో, ఇంగ్లాండు దేశమందలి లివర్‌పూల్ నగరమున నివసించు మా తమ్ముని యింటికి వెళ్లియుంటిమి. మే నెల 18వ తేది ఆదివారము. ఆ నగరమున ప్రసిద్ధి చెందిన రెండు ఫుట్‌బాల్ క్లబ్బులలో మొదటిదైన ఎవర్టన్ క్లబ్బు పురుషుల జట్టు, తన పాత మైదానమైన గుడిసన్ పార్కులో కడపటి ఆట ఆడు దినమది. 1892 మొదలు 133 సంవత్సరములు ఆడిన చోటు విడిచి, నదీతీరమున క్రొత్తగా కట్టిన స్టేడియమునకు వారు తరలిపోవుచుండిరి. మా తమ్ముని కుమార్తె, పండ్రెండేండ్ల బాలిక, ఆ జట్టన్న ప్రాణము పెట్టును. "పెదనాన్నా, టికెట్టు లేకున్నను సరే, వీథిలో నిలువబడి వత్తము" అని ఆమె ప్రాధేయపడెను. ఆదివారము ఆటకు పోవుటయా యని మేము సందేహించితిమి. ప్రాతఃకాలపు ఆరాధనకు పోయివచ్చిన పిమ్మట బయలుదేరుదమని ఒడంబడిక చేసికొని, అట్లే చేసితిమి.

అచటి దృశ్యము మేము మరువజాలము. లోపల చోటు దొరకనివారు వేలకొలది వీథులలో నిండియుండిరి. అందరి మెడలలోను నీలిరంగు గుడ్డలే. స్టేడియము మూలలో, దాని గోడల నడుమ ఇమిడినట్లుగా సెయింట్ లూకా దేవాలయ మొకటి యున్నది. ఆటస్థలమును దేవాలయమును అంత చేరువగా మేమెచ్చటను చూచి యుండలేదు.

మా తమ్మునితో కలిసి పనిచేయు ఒక స్త్రీ పుట్టినిల్లు ఆ ప్రక్క వీథిలోనే యుండుటచే, ఆమె మమ్ము పిలిచి గుమ్మము వద్ద కుర్చీలు వేయించి తేనీరిచ్చెను. ఆమె తండ్రి ఎనుబదేండ్ల వృద్ధుడు. ఆమె కుమారుడు పదునైదేండ్లవాడు. మూడు తరములవారు ఒక్క గుమ్మమున కూర్చుండి, గోడ కావలి కేకలను వినుచుండిరి. వృద్ధుని యుచ్చారణ మాకు సగమే తెలిసెను; తక్కినది మా బాలిక విప్పి చెప్పుచుండెను.

ఆట మొదలైన కొద్ది నిమిషములకే లోపలినుండి మహాఘోషము బయలుదేరెను. ఎవర్టన్ మొదటి గోలు చేసినదని మాకు కంటితో చూడకయే తెలిసినది. వీథిలోని కేకలు సద్దుమణిగిన తరువాత మా బాలిక వృద్ధుని ఒక ప్రశ్న యడిగెను: "ఈ క్లబ్బును ఇప్పుడు అమెరికావారు కొనిరట గదా. అంతకుముందు ఎవరెవరిది? వారిలో ఎవరు మంచివారు?"

వృద్ధుడు నవ్వి, "మంచివారి పేర్లా, మేము తిట్టినవారి పేర్లా? రెండు పట్టికలలోను అవే పేర్లుండును" అనెను. ఆ మాటతో ఆనాటి ప్రసంగ మారంభమైనది.

ఆ క్లబ్బు పుట్టుక మన పాఠశాలవంటి పాఠశాలలకు సంతోషము కలిగించునట్టిది. 1878లో సెయింట్ డొమింగో అను మెథడిస్టు దేవాలయపు యువకులు దానిని స్థాపించిరి. అచటి బోధకుడు చేంబర్సుగారి ప్రోత్సాహమున వేసవిలో క్రికెట్టు ఆడుచుండిన బాలురు, చలికాలమున ఊరకుండలేక కాలిబంతి పట్టిరి. మరుసటి సంవత్సరము, ఇతరులును చేరగోరుటచే, దేవాలయపు పేరు మాని ఆ పేటపేరు పెట్టుకొనిరి. అదియే ఎవర్టన్. తొలుత వారు ఆడినది అందరిదియునైన ఉద్యానవనములో. అప్పటికి యజమాని యనువాడు లేడు.

ఆట పెరిగినకొలది స్థలము కావలసివచ్చెను. స్థలముతోడనే యజమానియు వచ్చెను. ఆయన జాన్ హౌల్డింగ్ అను బీరు వర్తకుడు, నగర రాజకీయములలో పలుకుబడి గలవాడు. జనులు ఆయనను ఎవర్టన్ రాజైన జాన్ అని పిలుచుచుండిరి. ఆయన సాయముననే క్లబ్బు 1884లో ఆన్‌ఫీల్డ్ మైదానమునకు చేరెను. 1888లో ఇంగ్లాండులో లీగు పోటీలు ఏర్పడినపుడు పండ్రెండు వ్యవస్థాపక జట్లలో నొకటి యయ్యెను. 1891లో లీగు విజేత యయ్యెను. ఇదంతయు హౌల్డింగు అధ్యక్షతలోనే. కాని మైదానపు అద్దె నూరు పౌనులనుండి క్రమముగా 250 పౌనుల కెక్కెను. ఆటగాండ్రు దుస్తులు మార్చుకొనుటకును ఆయన పానీయశాలయే గతి. తుదకు క్లబ్బును కంపెనీగా మార్చి ఆ భూమిని కొనవలెనని ఆయన ప్రతిపాదింపగా, సభ్యులు తిరుగబడిరి. మద్యపాన నిషేధమును గోరు మెథడిస్టులు వారిలో పలువురుండుటచే కలహమునకు అదియు నొక కారణమని కొందరును, అద్దెయే కారణమని కొందరును చెప్పుదురు.

అట్లు తిరుగబడినవారికి నాయకుడు జార్జి మాహన్. ఆయన వృత్తి లెక్కల పరిశీలనము. ఆదివారములందు మెథడిస్టు దేవాలయమున ఆర్గన్ వాయించువాడు. 1892లో ఆయన వెంట సభ్యులలో అధికసంఖ్యాకులు ఆన్‌ఫీల్డ్‌ను విడిచి వెలుపలికి నడచిరి. వారికి దొరకినది పాడుపడిన బీడుభూమి. క్లబ్బునకు ధనము చాలనప్పుడు, బాక్‌స్టర్ అను రోమను కథోలిక వైద్యుడు వేయి పౌనులు వడ్డి లేకుండ అప్పిచ్చెను. మెథడిస్టుల జట్టునకు కథోలికుని రూకలు! ఆ బీడునే చదునుచేసి, ఆగష్టు 24వ తేదిని గుడిసన్ పార్కు అను పేర తెరచిరి. ఇక హౌల్డింగు? ఖాళీ మైదానము చేతిలో మిగిలినవాడు ఊరకుండునా? మరియొక జట్టును కూర్చెను. అదియే నేడు లోకప్రసిద్ధమైన లివర్‌పూల్ క్లబ్బు.

"అనగా ఆ శత్రువులు మన పిల్లలేనా?" అని మా బాలిక ఆశ్చర్యపడెను.

"మన ఆదివారపు బడి పిల్లలే" అని వృద్ధుడు బదులు చెప్పి, స్వరము తగ్గించి మరియొక మాట చెప్పెను. హౌల్డింగు 1902లో మరణించినపుడు, ఆయన శవపేటికను ఉభయ క్లబ్బుల ఆటగాండ్రును కలిసి మోసిరట. పది సంవత్సరములకు ముందు ఆయనను వద్దని నడచిపోయినవారి జట్టు, ఆ పేటిక క్రింద భుజము పెట్టినది. ఈ మాట విన్నపుడు మా చేతిలోని తేనీరు చల్లారిపోయినది. కారణము పిమ్మట చెప్పెదము.

తరువాతి యజమానులలో వృద్ధుని తరమువాడు సర్ జాన్ మూర్స్. ఫుట్‌బాల్ ఫలితములపై పందెములు కట్టించు లిటిల్‌వుడ్స్ వ్యాపారమున కోటీశ్వరుడైనవాడు. ఆయన 1960లో అధ్యక్షుడై, మరుసటి యేడే అప్పటి మేనేజరును టాక్సీలో పోవుచుండగా పదవినుండి తొలగించెను. కాని 1963లోను 1970లోను లీగు బహుమానము వచ్చినది. "పందెపు సొమ్మని మా అమ్మ ముఖము చిట్లించుకొనెడిది. బహుమానము వచ్చిన దినము ఆమెయే కిటికీకి నీలిగుడ్డ కట్టినది" అని వృద్ధుడు నవ్వెను. మేము జూదమును సమర్థింపము. ఆ తల్లిని మాత్రము అర్థము చేసికొంటిమి.

అతని కుమార్తె బాల్యమునకు యజమాని పీటర్ జాన్సన్. ఆయన 1994లో క్లబ్బును కొనెను. 1995లో ఎఫ్.ఏ. కప్పు వచ్చెను. 1998లో, అందరికిని ప్రియుడైన డంకన్ ఫెర్గూసన్ అను ఆటగానిని మేనేజరునకైనను తెలియకుండ న్యూకాసిల్ క్లబ్బునకు విక్రయించిరి. జనులు మండిపడగా జాన్సను అధ్యక్షత విడిచెను. "కప్పు వచ్చిన దినమున ఏడ్చితిని, అతనిని అమ్మిన దినమున ఏడ్చితిని. మొదటి యేడుపు ఎవరికిని జ్ఞాపకము లేదు" అని యామె చెప్పెను.

ఆయన తరువాత, 1999లో క్లబ్బును కొన్నవాడు బిల్ కెన్‌రైట్. ఇతడు నాటకములు ప్రదర్శింపజేయు వర్తకుడు. లివర్‌పూల్‌లో పుట్టి, చిన్ననాట గుడిసన్ పార్కులో బాలుర కేర్పరచిన మూలలో నిలిచి ఆట చూచినవాడు. అభిమాని యజమాని యయ్యెనని ఊరెల్ల సంతసించినది. అయితే ప్రేమ యున్నంత ధనము ఆయనకు లేదు. నదియొడ్డున కింగ్స్ డాక్ అనుచోట స్టేడియము కట్టు యత్నము 2003లో ధనాభావముచే చెడిపోయినది. నగరము వెలుపల కర్క్‌బీలో కట్టు యత్నమును ప్రభుత్వము 2009లో త్రోసివేసినది. మరింత ధనికుని వెదకి, 2016లో ఫర్హాద్ మోషిరి అను వానిని తెచ్చెను. మోషిరి ధనమును నీళ్లవలె కుమ్మరించెను. ఏడేండ్లలో ఏడుగురు మేనేజర్లు నియమింపబడిరి. ఆటగాండ్రను కొనుటలో వరుసయు వావియు లేకపోయెను. 2021-22తో ముగిసిన గణనకాలములో నియమము ఒప్పుకొను నష్టము 10 కోట్ల 50 లక్షల పౌనులు కాగా, క్లబ్బు నష్టము 12 కోట్ల 45 లక్షలని తేలెను. ఆ యతిక్రమమునకై 2023 నవంబరులో పది పాయింట్లు కోసివేసిరి. అప్పీలులో అది ఆరయ్యెను. 2024 ఏప్రిలులో మరి రెండు పోయినవి. 1954నుండి ఎన్నడును మొదటి శ్రేణిని విడువని జట్టు, 2022లోను 2023లోను అంచుదాక పోయి తప్పించుకొన్నది.

2023 జనవరిలో అభిమానులు పాలకవర్గమును తొలగింపవలెనని ప్రదర్శనలు చేసిరి. భద్రతకు ముప్పున్నదని క్లబ్బు ప్రకటించి, పాలకులు తమ స్వంత మైదానమున ఆటకే రాలేదు. అట్టి ముప్పు మావలన లేదని అభిమానులు ఆక్షేపించిరి. ఆ యేటి అక్టోబరులోనే కెన్‌రైట్ తన 78వ యేట మరణించెను.

ఈ ఘట్టము వచ్చునప్పటికి ఆ గుమ్మమున వాదము పుట్టినది. కుమార్తె, "ఆయనకు క్లబ్బుపై ప్రేమ యుండెను, తెలిసియు ఎన్నడును చెడు చేయలేదు" అనెను. మనుమడు, "ప్రేమ యున్నవాడు తాను చేయలేని పనిని విడిచి లేచిపోవలెను గదా" అనెను. ఆ బాలుడు పెరిగిన కాలమంతయు మోషిరి కాలమే. విజయమను మాట అతడు తాతవలననే వినెను. ఇద్దరి మాటయు మాకు న్యాయముగనే తోచినది. వృద్ధుడు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "ఆ జనవరిలో నేను వెళ్లి కేకలు వేసితిని. ఆ కేకలు తప్పని నేటికిని చెప్పను. శరత్కాలములో ఆయన పోయినపుడు, అదే చోట లేచి నిలిచి చప్పట్లు కొట్టితిని. అదియు తప్పని చెప్పను. మధ్య తొమ్మిది నెలలుండెను. ఆ తొమ్మిది నెలలలో ఒక్క ఉత్తరము ముక్క వ్రాయవచ్చును గదా, వ్రాయలేదు" అనెను.

అంతలో లోపలినుండి రెండవ ఘోషము వినవచ్చెను. తుదకు ఎవర్టన్ రెండు గోలులతో, సౌతాంప్టన్ సున్నతో ఆట ముగిసినది. జనము వీథులలోనే చాలసేపు పాడుచు నిలిచియుండిరి. కొందరు ఇటుకగోడను చేతితో నిమిరి పోవుచుండిరి.

ఇప్పుడు మా సంగతి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచిన క్రొత్తలో మేము వేరొక యూరి పాఠశాలలో చేరితిమి. మా ఉద్యోగము ప్రభుత్వ సహాయము లేని ఉద్యోగము. సాయంకాలము బాలురచే బంతి ఆడించుట మా ఆనందము. ఒక సంవత్సరము అచటి కరస్పాండెంటుగారు, బాటప్రక్కనున్న సగము ఆటస్థలమును అంగళ్లకు కౌలు కిచ్చివేసిరి. మేము మండిపడితిమి. అర్జీ వ్రాసి ఇంటింటికి తిరిగి సంతకములు చేయించితిమి. మరుసటి యేట ఆయనను పదవినుండి తొలగించిరి. వీడ్కోలు సభకు మేము పోలేదు. పోకపోవుటయే పౌరుషమని తలంచితిమి.

చాల యేండ్లకు, ఆ పాఠశాల గుమాస్తాగారు ఒక పెండ్లిలో కనబడి, మాటల సందర్భమున, ఆ యేడు ఫీజులు వసూలుగాక మా వంటి పదునొకండుగురికి ఏడు నెలల జీతము ఆ కౌలు బయానానుండియే ఇచ్చిరని చెప్పెను. మా యింటిలో మొదటి బిడ్డ పుట్టిన సంవత్సరమది. ఆ జీతముతోనే పాలు కొంటిమి. కరస్పాండెంటుగారు ఆ మాట మాకెన్నడును చెప్పలేదు, మేమును అడుగలేదు. అటుపిమ్మట రెండేండ్లకు ఆయన మరణవార్త తెలిసినది. పండ్రెండు కిలోమీటర్ల దూరము, గంటకొక బస్సు. పరీక్షల పనియున్నదని ఇంటివారికి చెప్పి, పోకుంటిమి. సిగ్గు అడ్డుపడినది. దానికి తీరిక లేదను పేరు పెట్టితిమి.

మైదానము కౌలుకిచ్చుట మంచిదని నేటికిని మేము చెప్పజాలము. అంగళ్లు అచటనే యున్నవి. బాలురు మిగిలిన సగములో ఇరుకున ఆడుచున్నారు. బాలుర స్థలమును పెద్దలు అక్కరకు వాడుకొనిరి, అది తప్పే. కాని ఆ తప్పును ఎత్తిచూపుట ఒక పని. ఆ మనుష్యుని జీవితమంతయు ఆ తప్పే యని లెక్క మూసివేయుట వేరొక పని. మొదటిది మా హక్కు. రెండవది మేము దొంగిలించినది.

సువార్తలో గృహనిర్వాహకుని ఉపమానములను మన బాలురు చదివియున్నారు. నిర్వాహకుడు యజమాని కాడు, లెక్క చెప్పవలసినవాడు. హౌల్డింగు, మూర్స్, జాన్సన్, కెన్‌రైట్, మోషిరి, వీరందరును కాగితముమీద యజమానులో అధ్యక్షులో అయినను, ఒకరి పిమ్మట ఒకరుగా పోయిరి. 2024 డిసెంబరులో క్లబ్బు అమెరికా దేశపు ఫ్రీడ్‌కిన్ వారి చేతికి వచ్చినది. వారును ఒకనాడు పోవుదురు. ఆ గుమ్మమున మూడు తరములు మాత్రము కూర్చుండియే యుండెను. లెక్క యడుగు హక్కు వారిది, గట్టిగా అడిగిరి. అడిగిన పిమ్మట పేటికను మోయువారును వారే. క్రొత్త స్టేడియము సంగతియే చూడుడు: పాయింట్లు పోగొట్టిన మోషిరి ధనముతోనే దాని నిర్మాణము ఆరంభమైనది. దుర్వ్యయము చేసినవాడే శాశ్వతమైనదానిని విడిచిపోయెను. ఇట్టి లెక్కను ఒక్క గీత గీచి ముగించుట మానవునకు సాధ్యము గాదు.

జూను మాసమున స్వదేశమునకు రాగానే, మేము ఆ గంటకొక బస్సు నెక్కితిమి. కరస్పాండెంటుగారి భార్య యిప్పుడు మిక్కిలి వృద్ధురాలు. మజ్జిగ ఇచ్చి, "పిల్లలచేత ఇంకను బంతి ఆడించుచున్నారా, మాస్టారూ?" అని యడిగిరి. ఆడించుచున్నామంటిమి. చెప్పదలచి పోయిన మాట గొంతునుండి రాలేదు. తిరిగి లేచునపుడు గడపవద్ద నిలిచి, అర్జీ సంగతి యెత్తితిమి. ఆమె చేయి అడ్డముగా ఊపి, "అది మీరు వ్రాసినదేనని మాకప్పుడే తెలియును. దస్తూరి ముత్యములవలె నున్నదని ఆయన మెచ్చుకొనిరి" అనిరి. బస్సు వచ్చువరకు మేము బాటప్రక్కన, ఆ అంగళ్ల నీడలోనే నిలువబడియుంటిమి.

ఆగష్టు 24వ తేదిని ఎవర్టన్ జట్టు క్రొత్త స్టేడియములో తన మొదటి లీగు ఆట గెలిచినది. పాత మైదానము తెరచినదియు 1892లో అదే తేది. పాత గుడిసన్ పార్కును కూలద్రోయక స్త్రీల జట్టున కిచ్చిరి. మా తమ్ముని కుమార్తె ఆ సంగతి వ్రాయుచు, తానచట ఆడుదినము మేము గోడ వెలుపల గాక లోపలనే కూర్చుండవలెనని ఆజ్ఞాపించినది.

ప్రియ విద్యార్థులారా, మన ఆటస్థలమును తొలుత ముండ్లపొదలు కొట్టించి చదునుచేసినవారు ఎవరో, దానికి చుట్టు గోడ కట్టినవారు ఎవరో, మీలో పలువురకు తెలియదు. మాకును కొందరి పేర్లే తెలియును. వారు చేసిన మంచియు చెడ్డయు ఆ మన్నులోనే యున్నవి. నేడు దానికి మీరు నిర్వాహకులు. పెద్దలు తప్పుచేసినచో మర్యాదతో అడుగుడు; జంకవలదు. కాని అడిగినవారి యింటికి పోవు దారిని మాత్రము మూసికొనవలదు. ఈ సాయంకాలము ఆటకు పోవునపుడు, గోలుస్తంభము వద్ద గులకరాయి కనబడినచో తీసి అవతల వేయుడు. మీ తరువాత అచట వట్టికాళ్లతో పరుగెత్తువా డొక డుండును.